కొత్తమడి వారి కాలు

మా ఆసుపత్రి వరండాలో రబ్బరు చెప్పుల చప్పుడు రోజంతా వినిపిస్తూనే ఉంటుంది. చాలామటుకు నేను తలెత్తను. కానీ కొన్ని చప్పుళ్ళు వేరుగా ఉంటాయి. ఒక అడుగు గట్టిగా పడుతుంది, తర్వాతది ఆలస్యంగా, కాస్త పక్కకి జరిగి పడుతుంది, ఆ తర్వాతది గోడ ఆసరా కోసం ఆగిపోతుంది. తలుపు తెరుచుకోకముందే నాకు తెలిసిపోతుంది, వస్తున్న మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తాడని, వెంట వచ్చినవాళ్ళలో ఒకరైనా "ఈయన తాగడండీ, ఒట్టు" అని మనం అడగకుండానే చెప్పుకుంటారని. నేను డాక్టర్ని కాను. తరం నుంచి తరానికి వచ్చే జబ్బుల గురించి కుటుంబాలతో కూర్చుని మాట్లాడే పని నాది. ఆ చెప్పుల చప్పుడు వినగానే నాకు మొదట గుర్తొచ్చేది రుక్మిణి అత్త. నాకు జీతం ఇచ్చేది ఆసుపత్రే అయినా, నన్ను ఈ పనిలోకి తోసింది ఆవిడ.

అత్త అంటే మా పక్కింటావిడ. కోయంబత్తూరు పెరిగి పెరిగి మింగేసిన పల్లెల్లో మాది ఒకటి. ఎన్ని తరాల కిందటో వచ్చి పత్తి పండించుకున్న తెలుగువాళ్ళం. పత్తి చేలు పోయి పంపుసెట్ల మోటార్లు చేసే షెడ్లు వచ్చాయి, మా మగవాళ్ళు నాగలి వదిలి లేత్ మిషన్ పట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పోట్లాట ముదిరితే రెండూ. తెలుగు అక్షరాలు నేను చాలా ఆలస్యంగా, హైదరాబాదులో చదువుకునేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

అత్త ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. గంజి పెట్టిన నూలు చీర, ఎడమ చేతికి వాళ్ళ నాన్న వదిలిపోయిన పెద్ద మగ గడియారం, ఎవరినీ వదలని నోరు. మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. దాని మీద మోచేతులు ఆనించి ఆవిడ వీధి మొత్తానికి పాఠం చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదు అనడం తప్పు, ఎవరూ అడగలేదు. ఆవిడ ఇంటిపేరు కొత్తమడి. వాళ్ళ నాన్న నలభై దాటాక తూలడం మొదలుపెట్టి చివరికి మంచాన పడ్డాడు. వాళ్ళ అన్న కూడా అంతే. మా వాళ్ళలో ఎవరైనా కాలు తడబడితే "ఏమప్పా, కొత్తమడి వారి కాలు వచ్చిందా?" అని నవ్వేవారు. నవ్వులాటకి ఆ ఇల్లు పనికొచ్చింది కానీ సంబంధానికి పనికిరాలేదు. వాళ్ళకి పిల్లనివ్వరు, వాళ్ళ పిల్లను చేసుకోరు. పెళ్ళిపిలుపుకి వెళ్ళేవాళ్ళు ఆ గడప దగ్గరికి వచ్చేసరికి ఏదో గుర్తొచ్చినట్టు నడక పెంచేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అత్త చేతిరాత మారింది. బోర్డు మీద గుండ్రంగా గీయబోయిన కణం వంకరపోయేది. ఆవిడ దాన్ని తుడిచి మళ్ళీ గీసేది, అదీ వంకరే. ఎవరో తల్లి వచ్చి టీచరమ్మ తాగి బడికి వస్తోందని ఫిర్యాదు చేసింది. మర్నాడు అత్త మమ్మల్నందరినీ వరండాలోకి నడిపించి, నేల మీద సుద్దతో ఒక గీత గీసింది. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకి తగిలేలా ఆ గీత మీద నడవమంది. మేం కిలకిల నవ్వుతూ నడిచాం. చివర ఆవిడ నడిచింది. రెండడుగులు వేసి గోడ పట్టుకుంది.

"చూసినారా? మీకు వస్తా ఉండాది, నాకు రాలేదు. ఇది మందు కాదు. తలలో వెనకపక్క చిన్నమెదడు ఉండాది. ఏ కాలు ఎంత దూరం పోవాలి, ఏ చెయ్యి ఎక్కడ నిలవాలి అని కొలిచి చెప్పేది అదే. నాకు ఆ కొలత తప్పతా ఉండాది. పరీక్షలో ఈ ప్రశ్న కండిప్పా వస్తుంది, రాసుకోండి," అంది.

కండిప్పా అన్నట్టే తప్పకుండా పరీక్షలో ఇచ్చింది. క్లాసులో ఎవరూ తప్పు రాయలేదు. ఆ తర్వాత ఫిర్యాదులు ఆగిపోయాయి. మా స్నేహితురాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళి అమ్మలకి చిన్నమెదడు గురించి పాఠం చెప్పారు. అవమానాన్ని ఇలా పాఠంగా మార్చేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మా చిన్నాయన సంగతి చెప్పాలి. మా నాయనకి తమ్ముడు, పేరు శీను. లేత్ మీద ఆయన చెయ్యి పడితే ఇనుము వెన్నలా దిగేదని షెడ్డులో చెప్పుకునేవారు. నేను కాలేజీలో చేరిన ఏడాది ఆయన కొలతలు తప్పడం మొదలైంది. తర్వాత నడక తప్పింది. మాట కూడా కాస్త ముద్దగా వచ్చేది. కుడిచేసి వచ్చాడు అన్నారు. కుడి అంటే మా వాడుకలో తాగుడు. ఆయన సారాయి వాసన కూడా ఎరగడు. ఆ మాట ఎంత చెప్పినా నమ్మినవాళ్ళు లేరు. షెడ్డు యజమాని పనిలోకి రావద్దన్నాడు. చిన్నమ్మ కల్యాణి ఏడ్చి, తిట్టి, దేవుడి పటం ముందు ప్రమాణం చేయించి, ఆ ప్రమాణం తర్వాత కూడా ఆయన తూలుతూ ఇంటికి రావడం చూసి, పసిబిడ్డ దివ్యను చంకనేసుకుని మేట్టుపాళయంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. దేవుడి మీద కూడా అబద్ధం చెప్పేవాడితో కాపురం చెయ్యలేనని కబురంపింది. మా అవ్వ కన్నకొడుకుతో మాట్లాడడం మానేసింది. ఆయన పెరట్లో కొళాయి దగ్గర కూర్చుని, ఎవరూ అడగకపోయినా, "నేను కుడిచలేదు" అని గొణుక్కునేవాడు. 

ఒక రోజు పొద్దున అత్త గోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు ఆయన్నే చూసింది. బిందె ఎత్తుకుని కొళాయి నుంచి వంటింటి దాకా వెళ్ళాడాయన. సగం నీళ్ళు దారిలోనే పోయాయి.

"ఏమే పద్మా, మీ చిన్నాయన ఎన్నాళ్ళుగా ఇట్లా నడుస్తా ఉండాడు?"

"ఒక సంవత్సరంగా అత్తా. కుడి అంటారు అందరూ."

"కుడిచినవాడు పొద్దున్నే లేచి నీళ్ళు మోస్తాడా? ఈ నడక నేను చిన్నప్పటినుంచి చూస్తా ఉండాను. మా నాయన నడక ఇది," అంది. గోడ చుట్టూ తిరిగి మా ఇంటికి వచ్చింది. పక్కనే ఉన్నా ఆవిడ మా గడప తొక్కడం అరుదు.

వంటింటి గుమ్మంలో అవ్వ చిన్నుల్లిపాయలు వలుస్తోంది. అత్త ఆవిడని పెద్దమ్మా అని పిలిచేది. కుశలం అదీ ఏమీ లేకుండా నేరుగా అడిగేసింది.

"పెద్దమ్మా, మీ అత్త రంగమ్మ ఏ ఇంటి బిడ్డ?"

"మా ఇంటిదే."

"పెండ్లికి ముందర?"

"పెండ్లికి ముందర ఏముండాది? గడప దాటి వచ్చినాక మా ఇంటిదే కదా."

"పుట్టినిల్లు ఒకటి ఉండాలి కదా పెద్దమ్మా. ఆకాశంలోనుంచి ఊడిపడిందా?"

అవ్వ ఉల్లిపాయ వలుస్తూనే, కూర ఏమిటంటే చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీ ఇంటిదే. మీ తాతకు అక్క. అప్పుడు మీ ఇంటికి ఈ చెడ్డపేరు పడలేదు. దానికేమి ఇప్పుడు?"

అత్త నేల మీద కూలబడినట్టు కూర్చుంది. అవ్వ ఇది దాచిందని ఎవరూ అనుకోవద్దు. మా వాళ్ళలో ఆడపిల్ల అత్తింటి గడప దాటిందంటే పుట్టింటి పేరు అక్కడితో చెల్లు. తర్వాత పిలుపులో, పూజలో, ఆఖరికి చావులో కూడా మెట్టింటి పేరే. రెండు తరాలు గడిస్తే ఆమె ఎక్కడినుంచి వచ్చిందో అడిగే దిక్కు ఉండదు. కొత్తమడి అనే పేరుకి వీధి వీధంతా తలుపులు వేసుకుంది కానీ, ఆ ఇంటినుంచి వచ్చి వేరే పేర్లలో కలిసిపోయిన ఆడవాళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రంగమ్మ ముసలితనంలో నడవలేక మూలన కూర్చుందట, వయసు అనుకున్నారు. ఆమె కొడుకు, మా తాత, పాము కరిచి చిన్న వయసులోనే పోయాడు. కాళ్ళు తడబడే వయసు దాకా ఆయన బతకలేదు. అందుకే మా ఇల్లు శుభ్రమైన ఇల్లుగా చలామణీ అయింది.

అవ్వకి మాత్రం ఇదంతా ఎక్కలేదు. "గడప దాటి వచ్చిన పిల్లతో పుట్టింటి వియాది ఎట్లా వచ్చేది? అది వాళ్ళ ఇంటిది కదా," అంది.

"మా తాత ముక్కు మీ శీను మొహం మీద ఉండాది పెద్దమ్మా, చూడు. ముక్కు గడప దాటి వచ్చింది కదా, ఇది రాదా?"

అవ్వ కొళాయి దగ్గర కూర్చున్న కొడుకు మొహం వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ పూట ఆవిడే లేచి వెళ్ళి ఆయనకి అన్నం పెట్టింది.

అత్త చిన్నాయనని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. తానూ పరీక్షకి రక్తం ఇచ్చింది. వరండాలో ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు నాకు చెప్పిన పాఠం ఇప్పటికీ నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను అలాగే చెబుతాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పాఠం రాసి ఉంటుంది. అందులో ఒకచోట ఒక చిన్న మాట వెంటవెంటనే కొన్నిసార్లు వస్తుంది. అందరిలోనూ వస్తుంది, దానివల్ల ఇబ్బంది లేదు. కొందరిలో మాత్రం పాఠం ఒప్పజెప్పే పిల్ల ఒకే మాట దగ్గర ఇరుక్కుపోయి మళ్ళీ మళ్ళీ అదే చెప్పినట్టు, హద్దు దాటి వస్తుంది. అప్పుడు తయారయ్యే సరుకు చెడి, చిన్నమెదడులోని కణాలు మెల్లగా దెబ్బతింటాయి. ఒక్కోసారి బిడ్డకి చేరేసరికి ఆ మాట ఇంకా పెరుగుతుంది, అందుకే నాయనమ్మకి ముసలితనంలో వచ్చింది మనవడికి నడివయసులోనే రావచ్చు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, పాఠానికి రెండు ప్రతులు ఉంటాయి. చెడిన ప్రతి అందుతుందా మంచిది అందుతుందా అన్నది ప్రతి బిడ్డకీ సగానికి సగం. ఆడా మగా తేడా లేదు. అదే రకానికి చెందిన ఇంకొన్ని జబ్బులు తల్లిదండ్రులిద్దరినుంచీ చెడిన ప్రతి వస్తేనే బయటపడతాయి, మేనరికాల్లో అవి ఎక్కువ. మాది అది కాదు. మాకు ఒకటి చాలు.

ఫలితం వచ్చింది. అత్తకీ చిన్నాయనకీ ఒకే చోట ఒకే తప్పు. మందు లేదని, మెల్లగా ముదురుతుందని డాక్టరు మెత్తగా చెప్పాడు. చిన్నాయన ఆ కాగితం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"టీచరమ్మా, నేను కుడికారన్ కాదని రాసి ఇచ్చినారా?"

"ఆమాప్పా," అని అవునన్నట్టు తలూపింది అత్త. "ఇంగ్లీషులో రాసి ఇచ్చినారు."

ఆయన నవ్వుతూనే ఏడ్చేశాడు. నయంకాని జబ్బు ఉందని తెలిసి అంత సంతోషించిన మనిషిని నేను ఈ ఉద్యోగంలో కూడా చూడలేదు.

అత్తా, నాయనా, నేనూ మేట్టుపాళయం బస్సెక్కాం. చిన్నాయన రానన్నాడు. బస్సులో అత్త కిటికీ లోంచి చూస్తూ, "మా ఇంటిని వద్దన్నారని నాకు కోపం లేదు పద్మా. భయం ఎవరికైనా ఉంటుంది. ఒకరైనా ఇంట్లోకి వచ్చి, కూర్చుని, ఇది ఏమి, ఎట్లా వచ్చేది అని అడిగి ఉండాలి కదా. అడగకుండానే పోయినారు," అంది. ఆవిడ గొంతు అలా తగ్గగా వినడం నాకు అదే మొదటిసారి.

చిన్నమ్మ వాళ్ళ నాన్న వక్కల వ్యాపారి. ఇంటి ముందర వాకిలంతా వక్కలు ఎండబెట్టి ఉన్నాయి, మధ్యలో మనిషి నడవడానికి సన్నని దారి వదిలారు. నాయన ఆ దారిలో నడిచి వెళ్ళాడు, వెనక నేను. అత్త గేటు దగ్గర ఒక క్షణం ఆగింది. తర్వాత నా చెయ్యి పట్టుకోకుండా ఒంటరిగా బయల్దేరింది. నాలుగడుగులకే దారి తప్పింది. కాలు వక్కల మీద పడింది, అవి చెల్లాచెదరయ్యాయి. నిలదొక్కుకోబోయి రెండో పక్క వక్కలు కూడా తొక్కింది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన మండిపడ్డాడు.

"ఎవరది? పట్టపగలే కుడిచేసి వచ్చిందా ఆ అమ్మ?"

"నాయనా!" అంది చిన్నమ్మ లోపల్నుంచి. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా వీధిలో కాపురం చేసిన మనిషి కదా, అత్తని ఎరుగును. "టీచరమ్మ నాయనా అది. ఆయమ్మ కుడిచేది కాదు."

అని ఆగిపోయింది. చెదిరిన వక్కల మధ్య కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ అత్తనే చూస్తూ ఉండిపోయింది. ఆ నడక ఆమెకి కొత్త కాదు. రోజూ సాయంత్రం తన గుమ్మంలో చూసిన నడకే. నాయన కాగితం తీయబోతే అత్త కళ్ళతోనే వద్దంది.

"ఆయనకు కూడా ఇదేనా?" అంది చిన్నమ్మ చివరికి.

"ఇదే. మా ఇంటినుంచే వచ్చింది, రంగమ్మతో. శీను చెప్పినదంతా నిజం కల్యాణీ."

చిన్నమ్మ అరుగు మెట్టు మీద కూర్చుంది. లోపల దివ్య ఏదో గిన్నె మోగిస్తోంది. చిన్నమ్మ ఆ చప్పుడు వైపు తల తిప్పి అడిగింది. "బిడ్డకు?"

 అత్త ఏమీ కాదులే అని చెప్పేస్తుందేమో, చెప్పేస్తే బాగుండు అని నాకనిపించింది. అత్త ఆమె పక్కన కూర్చుంది.

"సగం. రావచ్చు అనేది సగం, రాకపోవచ్చు అనేది సగం. ఇప్పుడు బిడ్డకు పరీక్ష చేసేది లేదు. పెద్దదై, తనకే తెలుసుకోవాలని ఉంటే చూసుకోవచ్చు, లేదంటే లేదు. అప్పటికి ఏమేమి మందులు వచ్చి ఉంటాయో, ఎవరు చూసొచ్చినారు? నేను నీకు అబద్ధం చెప్పను."

చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పెద్దాయన కిందికి దిగి, ఎవరి మొహమూ చూడకుండా, చెదిరిన వక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"ఆయన ఇప్పుడు అన్నం ఎట్లా తింటాడు? చెయ్యి కూడా వణుకుతుందా?" అని అడిగింది చిన్నమ్మ. తిరుగు బస్సులో మేం ఐదుగురం వచ్చాం.

ఆ ఏడాది తమిళుల ఆడి మాసంలో మా ఇంట్లో పేరంటాలికి పెట్టే పూజ వచ్చింది. పోయిన ఆడవాళ్ళ పేరున కొత్త చీర పెట్టి, పేర్లు పిలిచి, తర్వాత ఆ చీర ఇంటి ఆడపడుచుకి ఇవ్వడం మా ఆనవాయితీ. అవ్వ హారతి తిప్పుతూ, ఎప్పటిలాగా మా ఇంటిపేరు చెప్పబోయి, ఆగి, "కొత్తమడి రంగమ్మా, నీ బిడ్డలం వచ్చినాము," అంది. చీర చేతిలోకి తీసుకుని వాకిట్లోకి వెళ్ళి గోడ మీదుగా కేకేసింది.

"రుక్కూ! ఇట్లా రా. మా అత్తకు పుట్టింటి బిడ్డవి నువ్వు ఒకదానివే ఉండావు. ఈ చీర నీది."

అత్త గోడకవతల కొయ్యబారిపోయింది. శుభకార్యానికి ఆ ఇంటివాళ్ళని పిలవగా నేనెన్నడూ చూడలేదు. ఆవిడ వచ్చింది. చీర తీసుకుంది.  అవ్వ వేళ్ళు మడిచి వరస తేల్చి, "పద్మా, ఇది నీకు అత్త కాదే, పెద్దమ్మ వరస," అంది. నాకు అలవాటు తప్పలేదు, చివరిదాకా అత్తా అనే పిలిచాను.

తర్వాతి ఏళ్ళలో గోడకి ఆ పక్క అత్త, ఈ పక్క చిన్నాయన, ఇద్దరూ గోడ పట్టుకుని ఫిజియోథెరపిస్టు చెప్పిన నడకలు సాధన చేసేవారు. "నువ్వు గోడను నడిపిస్తా ఉండావప్పా, కాళ్ళను కాదు," అని ఆవిడ ఎగతాళి. ఆయన పడీ పడీ నవ్వేవాడు, ఒక్కోసారి నిజంగానే పడేవాడు. ఏడాదికి కాస్త ముదిరేది, అయినా ఇద్దరూ డాక్టర్లు అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం తమ కాళ్ళ మీదే తిరిగారు. మా నాయన చాలాకాలం ఆలోచించి పరీక్ష చేయించుకున్నాడు. ఆయనకి రాలేదు, కాబట్టి నాకూ రాదు. ఆ మాట విన్నప్పుడు గంతులేయాలనిపించింది, వెంటనే చిన్నాయన మొహం కనబడి సిగ్గేసింది. అది కనిపెట్టిన అత్త, అప్పటికే ముద్దగా వస్తున్న మాటతో, "సంతోషపడవే పిచ్చిదానా. ఒకరికి రాకపోతే అందరికీ మంచిదే కదా," అంది. జెనెటిక్స్ చదవడానికి హైదరాబాదు రైలెక్కించింది ఆవిడే. నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరిన తర్వాత పోయింది. ఆవిడ గడియారం చిన్నమ్మకి ఇచ్చి పోయింది, చిన్నమ్మ చేతినుంచి అది దివ్యకి వచ్చింది.

దివ్య ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఒక అబ్బాయిని ఇష్టపడింది, మా వాళ్ళలోనే. పోయిన నెల నా దగ్గరికి వచ్చి, "అక్కా, నేను పరీక్ష చేసుకోవాలా?" అని అడిగింది. అత్త నేర్పినట్టే నేను జవాబు చెప్పలేదు, తెలిస్తే ఏం చేస్తావు, తెలియకపోతే ఏం చేస్తావు అని అడిగాను.  "ఇప్పుడు వద్దక్కా. బిడ్డలు కావాలనుకున్నప్పుడు చూసుకుంటాను. కానీ ఆ అబ్బాయి ఇంట్లో అంతా చెప్పేసి ఆ తర్వాతే పెండ్లి మాట," అంది. చెప్పేసింది కూడా. నాలుగు రోజులు ఆ ఇంటినుంచి ఉలుకూ పలుకూ లేదు. చిన్నమ్మ తిండి మానేసింది. ఇక వాళ్ళూ నడక పెంచుకుని వెళ్ళిపోయారనే నేను అనుకున్నాను.

ఆదివారం ఆ అబ్బాయి తల్లి ఒక్కతే చిన్నాయన ఇంటి ముందు ఆటో దిగింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె లోపలికి వచ్చింది, చిన్నాయన చక్రాల కుర్చీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది, చిన్నమ్మ ఇచ్చిన కాఫీ తాగింది. తర్వాత ఆయన వైపు కాస్త వంగి, పేరుపెట్టి అన్నా అని పిలిచి, "ఇది ఏమి వియాది, ఎట్లా వచ్చేది, నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. తొందరేమీ లేదు, నేను ఉంటాను," అంది.

చిన్నాయన మాట ఇప్పుడు చాలా నెమ్మది, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ వస్తుంది. నేను సాయం చేయబోయాను. ఆయన చేత్తో ఆగమన్నాడు, తానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి వింది.